అపోహలు - వాస్తవాలు: యూనిట్స్ లైబ్రరీ వాడితే లెక్క తప్పదా?

యూనిట్స్ లైబ్రరీ అంటే అంకెతో పాటు దాని కొలమానాన్నీ (మీటరు, సెకను లాంటివి) మోసుకెళ్లి, డైమెన్షన్లు, అంటే పొడవు, కాలం లాంటి రాశుల రకాలు, పొసగని లెక్కల్ని ఆపే కోడ్. అలాంటిది రివ్యూకి, అంటే తోటి ప్రోగ్రామర్ల పరిశీలనకు, వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తారు: "డైమెన్షన్లు సరిపోయాయి, కంపైల్ అయింది, ఇంకేం చూడాలి?" ఈ మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది.

కిలో నీటిని 10 డిగ్రీలు వేడెక్కించడానికి ఎంత శక్తి కావాలి? కిలోకు, ఒక్కో డిగ్రీకి 4.186 కిలోజౌళ్ల చొప్పున 41.86. నేను చూసిన ఒక లైబ్రరీ 1,185 చూపించింది. 10 డిగ్రీల సెల్సియస్‌ని కెల్విన్‌లోకి మారుస్తూ 273.15 కలిపేసింది మరి. 10 డిగ్రీల ఉష్ణోగ్రత వేరు, 10 డిగ్రీల తేడా వేరు. తేడాకు ఏమీ కలపకూడదు. జవాబు కిలోజౌళ్లలోనే వచ్చింది కాబట్టి కంపైలర్ (కోడ్‌ని తనిఖీ చేసి యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్) కిక్కురుమనలేదు. టెస్టులన్నీ మీటర్లు, సెకన్ల మీదే రాసి ఉన్నాయి, అవీ పాసయ్యాయి. అప్పటి నుంచి ఏ లైబ్రరీ వచ్చినా ముందు ఉష్ణోగ్రత కోడే తెరుస్తాను. తర్వాత టార్క్, అంటే తిప్పే బలం. టార్క్‌కీ శక్తికీ డైమెన్షన్లు ఒకటే. రెంటినీ కూడితే ఆ లైబ్రరీ ఆపుతుందా? ఆపకపోతే ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాయాలి.

"ఇలాంటి లైబ్రరీ ఉంటే 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయేదే కాదు" అన్నది ఇంకో ప్రచారం. అది అంగారకుడి దగ్గర నాసా పోగొట్టుకున్న వ్యోమనౌక. పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఉన్న అంకెల్ని న్యూటన్ సెకన్లుగా తీసుకున్నారు, 4.45 రెట్లు తేడా. నిజమే. కానీ ఆ అంకెలు ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి ఫైల్లో వెళ్లాయి. ఫైల్లోకి ఉత్త అంకె వెళ్తే ఏ టైప్ సిస్టమూ (కోడ్‌లో విలువల రకాల్ని తనిఖీ చేసే ఏర్పాటు) కాపాడలేదు. అందుకే విలువను బయటికి తీసే ఫంక్షన్ "ఏ యూనిట్‌లో కావాలి?" అని అడుగుతుందా లేదా అన్నది తప్పక చూడండి.

స్పీడ్ తగ్గుతుందంటారా? సీ ప్లస్ ప్లస్‌లో తనిఖీ కంపైల్ టైమ్‌లోనే అయిపోతుంది. పైథాన్‌లో కొంత భారం ఉంటుంది, యూనిట్‌ని అరే (అంకెల వరుస) మొత్తానికి ఒక్కసారి తగిలించండి చాలు.

ఇక లైబ్రరీ రాసినవాళ్ల టెన్షన్. కామెంట్లు ఎక్కువొస్తే రిజెక్ట్ అయినట్టే అనుకుని నలిగిపోతారు. నా మొదటి రివ్యూ అప్పుడు నాకూ నిద్ర పట్టలేదు. సీ ప్లస్ ప్లస్‌లో పేరున్న బూస్ట్ యూనిట్స్ లైబ్రరీ అంతటిది 2007లో రివ్యూకి వెళ్లి, 2008లో గానీ రిలీజ్‌లోకి రాలేదు. పైన చెప్పిన లైబ్రరీ రచయితా "మానేయమంటారా?" అని అడిగాడు. వద్దన్నాను. ఉష్ణోగ్రతకు ఒక టైపు, తేడాకు ఒక టైపు విడగొట్టి మళ్లీ పంపాడు. మొదట ఆ నీళ్ల లెక్కే రన్ చేశాను. 41.86 వచ్చింది.