లాయరు రాలేదు, వాయిదా పడి ఉంటుందిలే! - అపోహలు, వాస్తవాలు

పోయిన వారం బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక పెద్దాయన ఫోను చేశారు. హిందూపురం వైపు మనిషి, భూమి పంపకాల దావా. "మా లాయరు ఆ పొద్దు హైకోర్టులో ఉండాడంట మేడమ్. వాయిదా పడింటుందిలే అని నేనూ పోలేదు. ఇప్పుడు చూస్తే క్రాస్ నిల్ అని రాసిండారు. అంటే ఏంది?"

అవతలి సాక్షిని మన తరఫున ఒక్క ప్రశ్నా అడగకుండా పంపేశారని. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అపోహ: లాయరుకు వేరే కోర్టులో పనుంటే వాయిదా ఇవ్వాల్సిందే.

వాస్తవం: సి.పి.సి. (సివిల్ కేసులు నడిపే విధానం చెప్పే చట్టం) 17వ ఆర్డరు 1వ రూలు చదవండి. ప్లీడరు ఇంకో కోర్టులో ఉండటం వాయిదాకు కారణం కాదని అందులోనే ఉంది. ప్లీడరుకు జబ్బు చేసిందన్నా సరే, సమయానికి ఇంకొకరిని పెట్టుకునే వీలు లేకపోయిందని కోర్టుకు నమ్మకం కుదరాలి. సాక్షి వచ్చి, మన లాయరు రాకపోతే, క్రాస్ లేకుండానే ముగించే అధికారం జడ్జికి ఉంది. 'పక్క ఊళ్ళో ఎవరికో ఇచ్చారట' అనే కబుర్లు నమ్మి ఇంట్లో కూర్చోకండి.

నేను జూనియరుగా ఉన్నప్పుడు మా సీనియరు కోసం వాయిదా అడగడానికి సిటీ సివిల్ కోర్టులో నిలబడ్డాను. అవతలి సాక్షి మదనపల్లె నుంచి రాత్రి బస్సులో వచ్చిన ముసలమ్మ. అలా రావడం మూడోసారి. జడ్జిగారు ఆవిడను చూపించి, "ఈమెకు నువ్వే చెప్పమ్మా" అన్నారు. చెప్పలేకపోయాను. మధ్యాహ్నానికి పాస్ ఓవర్ మాత్రం ఇచ్చారు, అంటే అదే రోజు కాసేపాగి కేసు పిలుస్తామన్నారు. ఫైలు చదువుకుని నేనే క్రాస్ చేశాను. ఆ రోజు వాయిదా నిరాకరించడమే న్యాయమని ఇప్పటికీ నమ్ముతాను.

అపోహ: మూడు వాయిదాలు మన హక్కు.

వాస్తవం: మూడు అనేది పరిమితి. ప్రతిదానికీ సరైన కారణం చూపాలి. అయితే నిజంగా కష్టమొచ్చినవాళ్ళు భయపడకండి. ఉన్నట్టుండి ఆసుపత్రి పాలైనా, ప్రమాదం జరిగినా, మూడు దాటాక కూడా కోర్టు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2005లో సేలం బార్ కేసులో చెప్పింది. కాగితాలు వెంటనే పెట్టండి.

ఖర్చులు కడితే ఎన్నిసార్లయినా ఇస్తారన్నదీ తప్పే. సి.పి.సి. 35-బి సెక్షను కింద, ఆలస్యం చేసినందుకు వేసిన ఖర్చులు తర్వాతి తేదీకి కట్టకపోతే కేసు ముందుకు నడపనివ్వరు. మనం హాజరు కాకపోవడంతో ఏకపక్షంగా తీర్పు (ఎక్స్‌పార్టీ డిక్రీ) అయితే, రద్దు కోరడానికి గడువు 30 రోజులు.

పెద్దాయన ఆర్డరు షీటు (ఏ తేదీన కోర్టు ఏం రాసిందో ఉండే కాగితం) కాపీతో సోమవారం వస్తానన్నారు. సాక్షిని మళ్ళీ పిలిపించమని (రీకాల్) పిటిషను వేయాలి. వాదనలు మొదలయ్యేలోపే వేయగలిగితే మేలు.