బరువే కదులుతుంటే వెలుగు దారి ఏమవుతుంది

పర్లాకిమిడి

చిన్నలూ,

మహేంద్రగిరి వైపు పొడిచే చుక్కల వెలుగు తిన్నగానే వస్తుందా అని అడిగారు కదా. రాదు. దారిలో బరువైనదేదైనా ఉంటే దానివైపు వంగుతుంది. సూర్యుడి అంచుని రాసుకుంటూ వచ్చే వెలుగు, ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం, 1.75 ఆర్క్ సెకన్లు వంగుతుంది (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). అది ఎంతంటే, 1.2 కిలోమీటర్ల అవతల చిన్నపిల్ల ఎత్తి చూపిన చిటికెనవేలు మందం. న్యూటన్ లెక్కకి ఇందులో సగమే వస్తుంది. 1919 మే 29 సూర్యగ్రహణంలో తీసిన చుక్కల ఫొటోలు ఐన్‌స్టీన్ లెక్కవైపే మొగ్గాయి.

ఈ వంపుని ఇంట్లోనే చూడొచ్చు. చువ్వలు తీసేసిన సైకిల్ రిమ్ముకి పాత బనియన్ గుడ్డ బిగించి, చుట్టూ క్లిప్పులు పెట్టి, నాలుగు ఇటుకల మీద ఉంచండి. నూలు చీర సాగదు, ముడతలు పడుతుంది. నడిమధ్య అరకిలో తూకపు రాయి పెట్టి, పక్కనుంచి గోళీ దొర్లించండి. రాయి సూర్యుడు, గోళీ వెలుగు అనుకోండి. మెల్లగా పోయేది బాగా వంగుతుంది, జోరుగా పోయేది తక్కువ. గుడ్డ నేలకి తగిలితే గుంట చదునైపోతుంది, అప్పుడు రాయి బరువు తగ్గించండి.

ఈ గుడ్డని మాత్రం పూర్తిగా నమ్మకండి. గోళీని గుంటలోకి లాగేది కిందనున్న భూమి; అంతరిక్షంలో కింద అన్నదే లేదు. పైగా బరువు దగ్గర కాలం మెల్లగా నడుస్తుంది, అది గుడ్డలో కనిపించదు. సూర్యుడి దగ్గర వెలుగు వంపులో సగం ఆ కాలం వల్లే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. కదిలే గ్రహం వెనకగా దాటే వస్తువు, గ్రహం పోయే దిక్కుకే వంగి, దాని వేగంలో కొంత పుచ్చుకుంటుంది. ముందుగా దాటితే పోగొట్టుకుంటుంది. 1979 జులైలో వాయేజర్ 2 అనే అంతరిక్ష నౌక గురుగ్రహం దగ్గర వేగం పెంచుకున్నది ఇలాగే. వెలుగు వేగం పెరగదు కాబట్టి దాని శక్తి పెరుగుతుంది, రంగు రవ్వంత నీలంవైపు జరుగుతుంది. ముందుగా దాటితే ఎరుపువైపు. గురుడి వేగం సెకనుకి సుమారు 13 కిలోమీటర్లు, వెలుగుది 3 లక్షలు. అందుకే ఈ తేడా అంత సన్నం. 2002 సెప్టెంబరు 8న ఆకాశంలో గురుడు ఒక క్వేజార్ (ఎంతో దూరాన బాగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు) పక్కగా వెళ్తుంటే, దూరదూరంగా ఉన్న రేడియో టెలిస్కోపులని జతచేసి ఆ క్వేజార్ రేడియో తరంగాల వంపు కొలిచారు. గురుడి కదలిక వల్ల వచ్చిన తేడాకి అర్థం ఏమిటన్నదాని మీద శాస్త్రవేత్తలు గట్టిగానే వాదించుకున్నారు.

మీరూ రాయికి దారం కట్టి మెల్లగా లాగండి. రాయి కింద నున్నటి ప్లాస్టిక్ మూత పెట్టండి, లేకపోతే గుడ్డ కూడా ఈడ్చుకొస్తుంది. ఒక గోళీ వెనకగా, ఒకటి ముందుగా వదిలి, ఫోనులో స్లోమోషన్ వీడియో తీయండి. రెండూ రిమ్ము దాటేటప్పటి వేగాలు రాసి పంపండి.

మీ తాతయ్య