రబీ జొన్నలో ఆకు ఎప్పుడు పండాలి?

కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగళ్లలో సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తే జొన్నకు నేలలో నిలిచిన తేమే దిక్కు. గింజ పాలుపోసుకునే వేళకు అది అయిపోతే ఆకులు అడుగు నుంచి పైకి ఎండుతూ పోతాయి. ఆకు నుంచి తిండి అందక గింజ కాండంలోని చక్కెరను లాగేసుకుంటుంది. నీరసించిన కాండంలో బొగ్గు కుళ్లు చేరి చేను పడిపోతుంది. చొప్ప కూడా దండగే.

అందుకే ఆకు పండకుండా, అంటే ముదిరి పసుపెక్కకుండా, ఆపే జన్యువుల కోసం వెతుకులాట మొదలైంది. 1866లో మెండెల్ రాసిన పచ్చ బఠానీ గింజల్లోనూ, తర్వాత వేల్స్‌లో దొరికిన పసుపెక్కని ఫెస్క్యూ గడ్డిలోనూ చెడింది ఒకే జన్యువని 2007లో తేలింది. పత్రహరితం విరగదు కానీ ఆకు పని మామూలుగానే ఆగిపోతుంది. కంటికి పచ్చే, కంకికి సున్నా.

హార్మోన్ల సంగతి అంతకు ముందే తెలుసు. కైనెటిన్ అనే హార్మోను రాస్తే తెంపిన ఆకు కూడా పచ్చగా నిలుస్తుందని 1957లో చూపారు. సైటోకైనిన్లనే ఇలాంటి హార్మోన్లు ఎక్కువగా వేళ్లలో తయారై నీటితో పైకి వస్తాయి. వేరు ఎండితే అవి తగ్గి, ఆబ్సిసిక్ ఆమ్లం అనే మరో హార్మోను పెరిగి ఆకును పండిస్తుంది.

ఆలస్యంగా పండితే అంతా లాభమేనా? 2006లో గోధుమలో ఆకును పండించే నామ్-బీ1 రకపు జన్యువులను అణచితే ఆకు మూడు వారాలకు పైగా పచ్చగానే ఉంది, గింజలో మాంసకృత్తులు, జింకు, ఇనుము మాత్రం 30 శాతానికి పైగా తగ్గాయి. ముదిరే ఆకు తన నత్రజనిని గింజకు అప్పగించాలి కదా.

జొన్నలో దారి వేరు. ఇథియోపియా మూలాలున్న బీ35 రకంలో దొరికిన నాలుగు జన్యు భాగాలను పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఇతర రకాల్లోకి ఎక్కించారు. వీటి గుట్టు పొదుపు: పిలకలు తక్కువ, పై ఆకులు చిన్నవి, పూతకు ముందు నీటి ఖర్చు తక్కువ. మిగిలిన తేమ గింజకు పనికొస్తుంది.

పొలంలో చేయాల్సిందీ అదే. ఒత్తుగా విత్తకూడదు, నెర్రెలు పూడేలా గుంటక తోలాలి. పైమట్టి ఆరాక వేసిన యూరియా వేరుకు అందదు కాబట్టి ఎరువంతా విత్తేటప్పుడే వేయాలి.

పోషకాల ఆకలితో వచ్చే పసుపును ఆకు ముసలితనం అనుకుంటే మందు తప్పుతుంది. అడుగాకు కొన నుంచి ఈనె వెంట పసుపు దిగితే నత్రజని లోటు, అంచులు మాడితే పొటాష్ లోటు. సున్నపు నేలల్లో లేతాకు ఈనెల మధ్య పాలిపోతే ఇనుము చాలడం లేదు: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొట్టాలి.