గృహజ్యోతి జీరో బిల్లు: అపోహలు - వాస్తవాలు

విద్యుత్ బిల్లుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన నేను, ఇప్పుడు వరంగల్, హనుమకొండ పరిసరాల్లో అర్హత ఉండి కూడా జీరో బిల్లు అందని కుటుంబాల కాగితాలు చూసిపెడుతున్నాను. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితంగా విద్యుత్ ఇచ్చే తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం 2024 ఫిబ్రవరి 27న ప్రారంభమై, ఆ మార్చి నుంచి జీరో బిల్లులు రావడం మొదలైనా, దాని గురించిన కొన్ని అపోహలు ఇంకా పేదవారి డబ్బును అనవసరంగా ఖర్చు చేయిస్తున్నాయి.

అపోహ: 200 యూనిట్లు దాటితే, దాటిన యూనిట్లకు మాత్రమే కడితే చాలు.

వాస్తవం: నెలకు 200 యూనిట్ల వరకే బిల్లు సున్నా; 201వ యూనిట్ తిరిగితే మొత్తం వాడకానికీ కట్టవలసిందే. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన స్లాబుల ప్రకారం, 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు పడతాయి. అంటే 201 యూనిట్లకు విద్యుత్ ఛార్జీయే 1,027 రూపాయల 70 పైసలు. స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం దీనికి అదనం. ఒక్క యూనిట్‌కు వెయ్యి రూపాయలు పోవడం కూలికి వెళ్లే ఇంటికి చిన్న దెబ్బ కాదు. 200 వాట్ల కూలరు రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 60 యూనిట్లు అవుతాయి కనుక, మే నెలలో ప్రతి ఇంటివారూ నెల మధ్యలో ఒకసారి మీటరులో అంకెలు చూసి, పోయిన బిల్లులోని రీడింగ్‌ను అందులోంచి తీసివేసి చూసుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

అయితే ఒక నెల దాటినంత మాత్రాన పథకం నుంచి పేరు తీసివేస్తారన్నది నిజం కాదు. ఆ నెల బిల్లు కట్టి, మరుసటి నెల 200 లోపు వాడితే మళ్లీ జీరో బిల్లు వస్తుంది. బకాయి ఉంచితే మాత్రం అది తీరేదాకా రాదు. పాత వాడకం సగటును బట్టి పరిమితి పెడతారనే మాట, ఇదే పేరుతో కర్ణాటకలో ఉన్న పథకం నుంచి ఇక్కడికి పాకింది. మన దగ్గర ఆ లెక్క లేదు.

అపోహ: మీటరు ఇంటి యజమాని పేరున ఉంటుంది కనుక అద్దెకుండేవారికి వర్తించదు.

వాస్తవం: వర్తిస్తుంది. ఆ ఇంటికి వేరుగా మీటరు ఉండి, అద్దెకున్న కుటుంబానికి తెల్ల రేషన్ కార్డు ఉంటే, ఆ కార్డును ఆధార్‌తో పాటు ఆ మీటరు సర్వీస్ నంబరుకు అనుసంధానం చేయించుకోవచ్చు. దీనివల్ల కిరాయిదారుకు ఇంటిపై హక్కు వస్తుందని కొందరు యజమానులు భయపడి బిల్లు కాగితం కూడా చేతికివ్వరు. అనుసంధానం బిల్లు మాఫీకి మాత్రమే, ఇంటి యాజమాన్యానికి దానితో సంబంధం లేదు.

వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేలపై పరిచే నూలు తివాచీలు) నేసే ఒకామె తన బిల్లులన్నీ రేషన్ కార్డు కవరులో మడిచి తెచ్చింది. అచ్చు వెలిసిపోయిన ఆ కాగితాలను వెలుతురుకు పట్టి చూస్తే, దరఖాస్తులో రాసిన సర్వీస్ నంబరు ఆమె అంతకుముందు అద్దెకున్న ఇంటిదని తేలింది. ఇల్లు మారితే నంబరు తనంతట తాను మారదు. మునిసిపల్ లేదా మండల పరిషత్ కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రంలో తాజా బిల్లు చూపి మార్పించుకోవాలి. కొత్తగా రేషన్ కార్డు వచ్చినవారు కూడా అక్కడే దరఖాస్తు ఇవ్వాలి.

అపోహ: ప్రభుత్వ మరో పథకమైన 500 రూపాయలకే గ్యాస్ బండ అంటే ఇంటికి తెచ్చిన మనిషి 500 మాత్రమే తీసుకోవాలి.

వాస్తవం: ముందు పూర్తి ధర కట్టాలి, 500 పోగా మిగిలినది రాయితీగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఏడాదికి ఎన్ని బండలకు రాయితీ అన్నది గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది. డబ్బు పడలేదనుకున్నవారు బండ తెచ్చిన మనిషితో వాదించకుండా, తమ ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో ముందు బ్యాంకులో అడగాలి. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో ఆ డబ్బు కనిపించిన ఇళ్లు నేను చూశాను.