రెంచ్ చెప్పేదొకటి, బోల్టు మోసేదొకటి

శ్రీసిటీలోని ఇసుజు ఫ్యాక్టరీలో కొత్త పికప్ తయారవుతున్నా, తిరుపతి బైపాస్ పక్కన షెడ్డులో పాత కారుకు ఇంజిను పైభాగమైన హెడ్డు దించి ఎక్కిస్తున్నా పని బోల్టు బిగించడం దగ్గరికే వస్తుంది. బిగించడమంటే తిప్పడమే అనుకుంటాం. నిజానికి బోల్టును సాగదీస్తున్నాం. సాగిన బోల్టు స్ప్రింగులా వెనక్కి లాగుతుంది, ఆ లాగుడే రెండు భాగాలనూ అదిమి పట్టుకుంటుంది. టార్క్ రెంచ్ కొలిచేది మాత్రం లాగుడును కాదు, తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను. ఆ బలంలో దాదాపు సగం బోల్టు తల కింది రాపిడికి, మరో 40 శాతం బోల్టు మీది మర (చుట్టలు తిరిగిన గాడి) రాపిడికి పోతాయి. సాగదీయడానికి మిగిలేది సుమారు 10 శాతం!

8.8 గ్రేడు (ఉక్కు బలాన్ని చెప్పే గుర్తు) ఎం10 (10 మి.మీ. లావు) బోల్టునే చూడండి. 25 కిలోన్యూటన్ల లాగుడు రావాలంటే నూనె లేని మరకు సుమారు 50 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. మరకు ఆయిలు పూసి అదే 50కి బిగిస్తే లాగుడు 33 కిలోన్యూటన్ల దాకా పోవచ్చు. ఈ బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా ఓర్చుకోగలిగేదీ దాదాపు అంతే. రెంచ్ అబద్ధం చెప్పలేదు, నూనె లెక్క మార్చింది. అందుకే మాన్యువల్‌లో పొడిగానా, ఆయిలుతోనా అన్నది అంకె కంటే ముందు చూడాలి. అన్నీ సరిగ్గా చేసినా టార్క్ ఒక్కదాన్నే నమ్మితే లాగుడులో 25 నుంచి 30 శాతం అటూ ఇటూ అవుతుంది.

దీనికి విరుగుడు కోణం. ముందు కొద్దిపాటి టార్క్‌తో భాగాలను ఆనించి, ఆపైన 90 డిగ్రీలు తిప్పుతారు. ఎం10 మామూలు మర చుట్టుకు 1.5 మి.మీ. దిగుతుంది, కాబట్టి పావు చుట్టుకు 0.375 మి.మీ. రాపిడి ఎంతున్నా ఈ లెక్క మారదు. హెడ్డు బోల్టులకు ఈ పద్ధతి ఎక్కువ. వాటిలో చాలావాటిని కావాలనే సాగుడు హద్దు (దాటితే బోల్టు శాశ్వతంగా సాగిపోయే చోటు) దాటించి బిగిస్తారు, అలాంటివి విప్పితే కొత్తవి వేయాల్సిందే. ఇంజిను బ్లాకులో బోల్టు దిగే రంధ్రాల అడుగున ఆయిలు, నీళ్లు మిగలకూడదు. ద్రవం నలగదు, బోల్టు దిగేకొద్దీ బ్లాకునే చీలుస్తుంది. నడుమ నుంచి అంచులకు, మాన్యువల్ చెప్పిన వరసలో, విడతలుగా బిగించాలి. కోణం కొలిచే గేజీ లేకపోతే బోల్టు తల మీద పెయింటు చుక్క పెట్టుకున్నా పని జరుగుతుంది.

ఫ్యాక్టరీల్లో కరెంటుతో బోల్టులు బిగించే నట్‌రన్నర్లు టార్క్‌నూ కోణాన్నీ కలిపి చూస్తాయి. చాలినంత తిరగకముందే టార్క్ వచ్చేస్తే మర అడ్డంగా ఎక్కినట్టో, మరలో చెత్త ఇరుక్కున్నట్టో. ఎంత తిరిగినా టార్క్ రాకపోతే మర పోయినట్టే. ఇంకా ఖరీదైన యంత్రాలు కోణానికి తగ్గట్టు టార్క్ పెరగడం మందగించిన క్షణాన్ని పట్టుకుని, సాగుడు హద్దు దగ్గరే ఆగుతాయి. షెడ్డుకు అంత అవసరం లేదు.

చక్రాల నట్ల దగ్గరే అసలు నిర్లక్ష్యం. గాలితో నట్లు బిగించే ఇంపాక్ట్ గన్ పెట్టే బలం గాలి ప్రెషర్‌ను బట్టి మారుతుంది. గన్‌తో నట్టును ఆనేదాకా తెచ్చి, మిగతాది ఒకదాని ఎదురుగా ఒకటి చొప్పున రెంచ్‌తో బిగించాలి. చాలా కార్లకు 100–120 న్యూటన్ మీటర్లు. మాన్యువల్ చెప్పనిదే స్టడ్డుకు (నట్టు ఎక్కే మర కడ్డీకి) గ్రీజు వద్దు. లాగుడు చాలకపోతే చక్రం తనను బిగించిన హబ్బు మీద పక్కకు జరుగుతుంది. నట్టును ఎక్కువగా వదులు చేసేది ఈ పక్కవాటు కదలికేనని 1969లోనే జర్మన్ ఇంజినీరు గెర్హార్డ్ యుంకర్ ప్రయోగాలతో చూపాడు. హబ్బు మీది తుప్పు, పెయింటు నలిగినా లాగుడు తగ్గుతుంది. టైరు మార్పించాక 50–100 కి.మీ. తిరిగి మళ్లీ రెంచ్ పెట్టి చూడాలి, తిరుమల ఎక్కే పని ఉంటే అంతకు ముందే. రెంచ్ ఒకసారి టక్కుమంటే చాలు. నమ్మకం కోసం ఇంకోసారి గుంజితే చెప్పిన టార్క్ దాటిపోతుంది.