తోబుట్టువుల ఎలక్ట్రానిక్ పాప్ బృందం: మేము తరచూ వినే అపోహలు, మాకు తెలిసిన వాస్తవాలు

విజయనగరంలో మా అప్ప, నేను, మా తమ్ముడు కలిసి ఎలక్ట్రానిక్ పాప్ పాటలు కడుతున్నాము. అప్ప పాడుతుంది, తమ్ముడు సింథసైజర్ వాయిస్తూ రెండో గొంతు కలుపుతాడు, లాప్‌టాప్, మిక్సింగ్ నా వంతు.

అపోహ: ఒకే రక్తం కాబట్టి గొంతులు వాటంతట అవే కలిసిపోతాయి.

వాస్తవం: ఇందులో సగమే నిజం. స్వరపేటిక నుంచి పెదవుల దాకా ఉండే దారి ఆకారాన్ని బట్టి గొంతు తీరు ఏర్పడుతుంది కనుక తోబుట్టువులలో పోలిక ఉండవచ్చు. ఒకే ఇంట్లో మాటలు నేర్చినందువల్ల అచ్చులు పలికే తీరూ దగ్గరగా ఉంటుంది. కానీ పాదం మొదట్లోని ప, ట వంటి హల్లులను ఇద్దరు కాస్త ముందువెనుకలుగా పలికితే స్పీకర్లలో అవి రెండేసి దెబ్బలుగా వినిపిస్తాయి. అందుకే మా తమ్ముడు వాటిని మెత్తగా వదిలేసి అచ్చు దగ్గర అప్పను అందుకుంటాడు, ఇది కుదరడానికి మాకు నెలలు పట్టింది. పూర్తిగా ఒకేలా ఉండడమూ మంచిది కాదు: ఒకే రికార్డును అచ్చంగా రెండుసార్లు పేరిస్తే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుందే తప్ప రెండో మనిషి పుట్టడు. శ్రుతిలోనూ కాలంలోనూ ఉండే చిన్న తేడాలే ఆ నిండుదనాన్నిస్తాయి.

అపోహ: బటన్ నొక్కితే అంతా కంప్యూటరే వాయిస్తుంది.

వాస్తవం: కంప్యూటరు ముందుగా మనం రాసిపెట్టినదే వాయిస్తుంది, పైగా అది కొత్త చిక్కులు తెస్తుంది. పైడితల్లమ్మ పండుగ రోజుల్లో ఒక వేదికపై, శబ్దంలో తడబాటు రాకూడదని నేను బఫర్‌ను, అంటే కంప్యూటరు బయటికి పంపే ముందు కూడబెట్టుకునే శబ్దపు ముక్కను, 1024 శాంపిళ్లకు (శబ్దపు కొలతలకు) పెంచాను. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన అది దాదాపు 23 మిల్లీసెకన్ల ఆలస్యం. గాలిలో శబ్దం అంత సేపట్లో సుమారు 8 మీటర్లు వెళుతుంది. తన గొంతు అంత దూరం నుంచి వస్తున్నట్టు మానిటర్లో (పాడేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్లో) వినిపించేసరికి అప్ప లయ తప్పింది. తప్పు నాది, చూపులు మాత్రం ఆవిడ మీద పడ్డాయి. ఇప్పుడు వేదికపై 128 దాటనివ్వను.

అపోహ: సింథసైజర్‌లో గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలకదు.

వాస్తవం: 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరిలో, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్ పలికించిన ఊరిలో ఈ మాట రావడం సహజమే. మీటను విడిగా నొక్కితే నిజంగానే పలకదు. పక్కనుండే పిచ్ వీల్ (శ్రుతిని జార్చే చక్రం) సాధారణంగా అటూ ఇటూ రెండేసి స్వరస్థానాల దాకా జారుతుంది, మిడి (వాద్యాలూ కంప్యూటర్లూ స్వరాల సమాచారాన్ని పంపుకునే) పద్ధతిలో ఆ జారుడుకు 16,384 మెట్లున్నాయి. కొరత యంత్రంలో కన్నా ఎడమచేతి సాధనలోనే ఎక్కువ. మా తమ్ముడి ఆందోళిత గాంధారం (ఊగుతూ పలకాల్సిన గ స్వరం) ఇంకా గరుకుగానే ఉంటుంది.

అపోహ: తోబుట్టువుల బృందాలు గొడవలతోనే విడిపోతాయి.

వాస్తవం: స్వీడన్‌కు చెందిన తోబుట్టువుల జంట ద నైఫ్, చివరి పర్యటన తర్వాత ఆపేస్తామని ముందే ప్రకటించి 2014లో ఆపేసింది. మా ఇంట్లో తగవు ఎక్కువగా అప్ప గొంతుకు ఎంత ప్రతిధ్వని పెట్టాలన్న దగ్గరే వస్తుంది, ఆవిడ చెప్పినదానికన్నా కొంచెం తక్కువే పెడతాను.