ఇంగ్లీషులో మనసు నొచ్చుకుంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళకి ఇంగ్లీషు చెప్పడం నా పని. వ్యాకరణం తప్పులు నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. దెబ్బలు, అవమానాల చుట్టూ అల్లుకున్న నుడికారం దగ్గర మాత్రం బాగా చదువుకున్నవాళ్ళు కూడా బోల్తా పడతారు. మనకీ అలాంటి మాటలు బోలెడున్నాయి కదా, దగ్గరగా కనిపించినదాన్ని తెచ్చి అతికించేస్తారు.

అపోహ: ‘యాడ్ ఇన్సల్ట్ టు ఇంజురీ’ అంటే గోరుచుట్టు మీద రోకటిపోటు.

వాస్తవం: రోకటిపోటు అంటే ఒక కష్టం మీద ఇంకో కష్టం. రోకలికి ఎవరి మీదా పగ ఉండదు. ఇంగ్లీషు మాటలో అసలు సంగతి అవమానమే. ఒకటో శతాబ్దపు రోమన్ కథకుడు ఫేడ్రస్ చెప్పిన కథ ఒకటుంది. బట్టతలవాడి నెత్తి మీద ఈగ కుడుతుంది. దాన్ని కొట్టబోయి తన నెత్తి మీద తానే ఒక్కటి వేసుకుంటాడు. ‘ఇంత పురుగు కుట్టినందుకే చంపబోయావే, నొప్పికి తోడు నగుబాటు కూడా తెచ్చుకున్నావు, మరి నిన్ను నువ్వేం చేసుకుంటావు?’ అని ఈగ ఎకసెక్కమాడుతుంది. ఉద్యోగం తీసేశారనుకోండి, అది ఇంజురీ. పోయేముందు కొత్తగా వచ్చినవాడికి పని నేర్పి వెళ్ళమన్నారు, అది ఇన్సల్ట్. బండి పాడైన రోజే వాన పడితే అది రోకటిపోటు. అక్కడ కూడా ఇంగ్లీషువాళ్ళు ఈ మాట వాడేస్తుంటారు లెండి, విధి వెక్కిరించిందన్న ధోరణిలో. ఇక పుండు మీద కారం చల్లడానికి వాళ్ళ మాట ‘రబ్ సాల్ట్ ఇన్ ది ఊండ్’. కారానికి బదులు ఉప్పు, అంతే తేడా.

అపోహ: ‘బైట్ ది బుల్లెట్’ 1857 సిపాయిల తిరుగుబాటు నుంచి వచ్చింది.

వాస్తవం: సిపాయిలు కొరకాల్సింది తూటాని కాదు, మందుగుండు చుట్టిన కాగితపు పొట్లాన్ని. పైగా అంతకు 61 ఏళ్ళ ముందే, 1796లో లండన్‌లో అచ్చయిన ఫ్రాన్సిస్ గ్రోస్ వాడుకమాటల నిఘంటువులో తూటా నమలడం ఉంది. కొరడా దెబ్బలు తింటూ అరిచిన సైనికుణ్ణి ‘నైటింగేల్’ పిట్ట అని వెక్కిరించేవారట. ఆ పేరు పడకుండా తూటా నమిలేవారట. మన ‘పంటి బిగువున’ భరించడం దీనికి సరిగ్గా సరిపోతుంది.

అపోహ: ‘హీ ఫెల్ట్’ అంటే ఫీలయ్యాడని.

వాస్తవం: పని ఆలస్యమైనందుకు మా బ్యాచ్‌లో ఒకబ్బాయి అమెరికా క్లయింట్‌కి ‘సారీ ఇఫ్ యూ ఫెల్ట్’ అని మెయిల్ పెట్టాడు. అట్నుంచి రెండే మాటలు వచ్చాయి: ‘ఫెల్ట్ వాట్?’ అబ్బాయి హడలిపోయి, ‘మేడమ్, ఇంకా కోపం తగ్గినట్టు లేదండీ’ అంటూ ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఆయనకి కోపమేం లేదు పాపం, వాక్యం పూర్తవుతుందేమోనని చూస్తున్నాడు. మనకి ఫీలవ్వడమంటేనే నొచ్చుకోవడం. ఇంగ్లీషులో ‘ఫీల్’ ఒట్టి గిన్నె, సంతోషమో బాధో అందులో మనమే పోయాలి. నొచ్చుకున్నాడని చెప్పడానికి ‘హీ వాజ్ హర్ట్’ అనండి. కాస్త చిన్నబుచ్చుకుంటే ‘అప్‌సెట్’ చాలు. ‘హీ గాట్ ఇంజూర్డ్’ అన్నారో, ఏ ఆస్పత్రి అని అడుగుతారు.

ఇదే అబ్బాయి తర్వాతి మెయిల్లో ‘నో హార్డ్ ఫీలింగ్స్’ అని రాయబోతే ఆపాను. మనసులో పెట్టుకోవద్దనే అర్థం, నిజమే. కానీ అది పోటీయో వాదనో తేలిపోయాక, చేతులు కలుపుతూ అనే మాట. తప్పు మనదైనప్పుడు అంటే ఎదుటివాడికి ఒళ్ళు మండుతుంది.

అపోహ: ‘స్లాప్ ఇన్ ది ఫేస్’ అంటే చెంపపెట్టే.

వాస్తవం: సగమే నిజం. ‘ఈ తీర్పు అధికారులకు చెంపపెట్టు’ అని మన పత్రిక రాస్తే, తగిన శాస్తి జరిగిందన్న తృప్తి అందులో ఉంటుంది. ఇంగ్లీషు మాటలో సానుభూతి సాధారణంగా దెబ్బ తిన్నవాడివైపే: పదేళ్ళు చాకిరీ చేసినవాడికి వంద రూపాయలు జీతం పెంచితే అది స్లాప్ ఇన్ ది ఫేస్. ‘స్లాప్ ఆన్ ది రిస్ట్’ ఇంకొకటి. పెద్ద తప్పుకి నామమాత్రపు శిక్ష వేసి వదిలేయడం.

‘థిక్ స్కిన్’ దగ్గరా ఇదే తకరారు. తోలు మందమంటే మనకి తిట్టు. వాళ్ళకి చాలాసార్లు మెచ్చుకోలు, విమర్శలకి చలించని మనిషని.

‘బ్రేక్ ఎ లెగ్’ కాలు విరగాలన్న శాపం కాదని, ‘బాగా చెయ్యి’ అన్న దీవెనేనని ఇప్పుడు అందరికీ తెలుసు, వదిలేద్దాం.

అపోహ: ‘కట్ టు ది క్విక్’ అంటే టక్కున కోసేయడం.

వాస్తవం: ఇక్కడ ‘క్విక్’కి వేగంతో పనిలేదు. పాత ఇంగ్లీషులో ఆ మాటకి ప్రాణమున్నదని అర్థం. గోరు కింద అంటుకుని ఉండే పచ్చి కండని ఇప్పటికీ అలాగే అంటారు. ఒక మాట అక్కడిదాకా దిగిందంటే ఎంత నొప్పో, గోరు మరీ లోపలికి కత్తిరించుకుని, ఆ చేత్తోనే ఆవకాయ అన్నం కలుపుకున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.